రాగిరేకు కింద

"ఈ నెక్ చెక్కిన రోజుల్లో మీ అన్నయ్య కుడిచేతికి ఎన్ని వేళ్లున్నాయి, చిన్నబ్బాయ్?"

గిటార్ల దుకాణం వెనక గది. బల్ల మీద తెరిచిన పెట్టెలో ఒక ఎలక్ట్రిక్ గిటారు, దాని పక్కన సంతకం లేని కాగితం. ఉన్నది ముగ్గురు: ప్రశ్న అడిగిన ఆవిడ, ఆవిడ మరిదైన దుకాణదారు, గిటారు తీసుకుపోవడానికి వచ్చిన పళ్ల డాక్టరు.

"డాక్టరు గారూ, కాఫీ చల్లారిపోతోంది, తాగండి."

"నిన్నే అడుగుతున్నాను."

"వదినా, ఆయన క్లినిక్ మూసుకుని వచ్చారు. ముందా సంతకం పెట్టేస్తే తర్వాత మనం తీరిగ్గా మాట్లాడుకోవచ్చు."

"సంతకం పెట్టాక మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? చదివాను ఈ కాగితం. 'ఈ గిటారును నా భర్త స్వహస్తాలతో తయారుచేశారని భార్యగా ధ్రువీకరిస్తున్నాను.' ఇందులో నిజం ఒక్కటే. భార్యను."

"అమ్మా, మీకు ఇబ్బందిగా ఉంటే మాటలు మార్చుకుందాం. 'స్వహస్తాలతో' ఒక్కటి ఉంటే చాలు నాకు."

"ఉండకూడనిది అదే, డాక్టరు గారూ."

"అంటే, మాస్టారు చెయ్యలేదా ఇది?"

"చెయ్యలేదు. నేను చేశాను."

"ఆహా."

"ఆహా కాదు. చెక్క ఎంచుకున్న రోజు నుంచి తీగలు బిగించిన రోజు దాకా నేనే చేశాను. ఐదు నెలల పదకొండు రోజులు."

"వదిన మాటలు పట్టించుకోకండి, డాక్టరు గారూ. ఎప్పుడూ అన్నయ్య పక్కనే ఉండేది కదా, ఆ మమకారం. ఉలి అందించడం, పాలిష్ గుడ్డలు ఉతకడం. సాయం చేసేది. చాలా సాయం చేసేది."

"ఉలి అందించింది నువ్వు. నాకు."

"వదినా."

"కాదని చెప్పు. ఆయన ముందే చెప్పు."

"నేనప్పుడు చిన్నవాణ్ణి. నాకేం తెలుసు?"

"ముప్పై నాలుగేళ్లు. మీసం కూడా ఉండేది."

"అమ్మా, ఒక్క మాట. మాస్టారి పనిని నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. గిటార్లు సేకరించే మా గ్రూపులో ఎవర్ని అడిగినా చెప్తారు. ఆయన మొదటి దశ వేరు, చివరి దశ వేరు. మొదట్లో నెక్ లావుగా, మొరటుగా ఉండేది. చివరికొచ్చేసరికి వెన్నలా సన్నబడింది. ఏదో పెద్ద బాధ దాటితే తప్ప మనిషి పనిలోకి ఆ మెత్తదనం రాదు. దాని మీద నేనొక వ్యాసం కూడా రాశాను."

"చదివాను. తొమ్మిది పేజీలు. దశ మారలేదు, డాక్టరు గారూ, మనిషి మారింది. నెక్ సన్నబడింది నా చేతికి సరిపోయేలా చెక్కాను కాబట్టి. పట్టి చూసుకోవడానికి నా దగ్గరున్నది ఆ చెయ్యొక్కటే."

"మరి ఇక్కడ, నెక్ ఒంట్లో కలిసేచోట, ఈ సన్నటి గీత? ఇది మాస్టారి గుర్తు. మూడింటిలోనే ఉంది. కావాలని పెట్టారా, అనుకోకుండా పడిందా అని మా గ్రూపు రెండు వర్గాలైపోయింది."

"నా ఉంగరం గీసుకుంది. నాలుగో గిటారు నుంచి ఉంగరం తీసి పక్కన పెట్టి పనిచేశాను. మీ రెండు వర్గాలకీ ఆ మాట చేరవెయ్యండి."

"మీరు సరదాగా మాట్లాడతారమ్మా."

"నేను సరదాగా మాట్లాడటం ఈ ఇంట్లో ఎవరూ వినలేదు. మా ఆయన బొటనవేలినీ దాని పక్క వేలినీ కరెంటు రంపం తీసుకుపోయింది. ఇరవై ఆరేళ్లయింది. ఆ తర్వాత ఆయన ఉలి పట్టలేదు, పట్టలేరు. తలుపు దగ్గర కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడేవారు. మాట మాత్రం బాగా మాట్లాడేవారు."

"కానీ ఆ ఫొటోల్లో, చెయ్యి జేబులో పెట్టుకుని, అలా ఓరగా నిలబడి. మావాళ్లు సగం మంది అలాగే నిలబడి ఫొటోలు దిగుతారు. అది మాస్టారి స్టైలు."

"అది స్టైలు కాదు. బొటనవేలు లేకపోవడం."

"నిజమేనా, ఓనరు గారూ?"

"అదీ, చిన్న దెబ్బేనండి. కుట్లు పడ్డాయి."

"ఎక్కడ పడ్డాయి కుట్లు? వేలు ఉన్నచోటా, లేనిచోటా?"

"వదినా, పోయిన మనిషి గురించి ఎందుకిప్పుడు."

"పోయిన మనిషి గురించి నేనొక్క తప్పుడు మాట అనలేదు. ఆయన నాకు పని నేర్పారు. విసుక్కోకుండా నేర్పారు. లేబుల్ మీద తన పేరు రాయమని ఏనాడూ అడగలేదు. అడిగింది నువ్వు. 'ఆడమనిషి చేసిందంటే ఎవడు కొంటాడు వదినా, షాపు మూసుకోవాల్సిందే' అని, ఆ గుమ్మంలో నిలబడి అన్నావు."

"అన్నాను. అంటే తప్పేముంది? షాపు నిలబడిందా లేదా?"

"ఒప్పుకున్నాడు. విన్నారా, డాక్టరు గారూ?"

"నేను కాఫీ తాగుతున్నానమ్మా."

"వినపడనంత గట్టిగా తాగుతున్నారా?"

"కోపం తెచ్చుకోకండి. ఇదిగో, ఈ లేబుల్ చూడండి. పేరు, తేదీ, మాస్టారి దస్తూరీ. ఈ దస్తూరీని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను."

"ఆ కలం ఇటివ్వండి. ఇదిగో, కాగితం అంచున రాశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏమిటి తేడా?"

"తేడా ఏం లేదు. అచ్చం అలాగే ఉంది."

"నా రాత కాబట్టి."

"అన్నేళ్లు కాపురం చేశాక భార్య రాత భర్త రాతలాగే అయిపోతుందమ్మా. మా ఇంట్లో కూడా అంతే."

"పుచ్చిన పన్ను చూసి కూడా ఇలాగే అంటారా, పక్కపన్ను సహవాసం అని?"

"వదినా, ఆయనతో అలాగేనా మాట్లాడేది?"

"ఫర్వాలేదులెండి, పెద్దావిడ. అననివ్వండి. అమ్మా, మీరే చేశారంటున్నారు కదా. ఇలాంటిది ఇంకొకటి చేసి చూపించండి. ప్రపంచమంతా ఒప్పుకుంటుంది."

"నాకు డెబ్బై రెండేళ్లు. ఈ వేళ్లు చూడండి, కణుపు కణుపూ ఒక్కో దిక్కుకి తిరిగింది. చెయ్యలేను. చెయ్యగలిగినన్నాళ్లూ ఎవరూ అడగలేదు."

"మరి ఎలా చెప్పండి?"

"ఎలాగో చెప్తాను. లేబుల్ మీద ఆయన పేరు రాసిన తప్పు నాది. ఎవరి ముందైనా ఒప్పుకుంటాను. కానీ అలా రాసిన ప్రతి గిటారులోనూ నా పేరు కూడా రాశాను. వెనక ప్లేటు తియ్యండి, నాలుగు స్క్రూలు. లోపల వైర్లుండే గుంతకి రాగిరేకు అతికించి ఉంటుంది. ఆ రేకు ఎత్తితే చెక్క మీద ఉంటుంది. అదిగో స్క్రూడ్రైవరు."

"వద్దు. దాన్ని కింద పెట్టండి."

"ఎందుకు?"

"రేకు ఎత్తాలంటే వైర్లు ఊడదియ్యాలి, సోల్డరింగ్ కరిగించాలి. మొదటి చెయ్యి పడ్డచోట రెండో చెయ్యి పడకూడదమ్మా. లోపల సోల్డరింగ్ చెదరని గిటారంటే మావాళ్లకి ప్రాణం. అందుకే దీనికి బదులుగా నా రెండు గిటార్లు వదులుకుంటున్నాను. విప్పారంటే ఇది అన్నిటిలాంటిదే."

"అంటే, నా మాట నిజమో కాదో తేలాలంటే విప్పాలి. విప్పితే దాని విలువ పోతుంది. అందుకని విప్పకూడదు. విప్పలేదు కాబట్టి నా మాట నిజం కాదు."

"మీరు మరీ అలా పేర్చి చెప్తే."

"పేర్చినదాంట్లో ఏది తప్పో చెప్పండి."

"వదినా, డాక్టరు గారి క్లినిక్‌లో ఎక్స్‌రే మిషను ఉంది కదా. విప్పకుండానే చూడొచ్చు. అంతగా నీకు పట్టుదలైతే ఒక ఎక్స్‌రే తీయిద్దాం."

"పెన్సిల్‌తో రాశాను. పెన్సిల్ గీత ఎక్స్‌రేలో పడదు, రాగి పడుతుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. అందుకే ఆయన అనలేదు, నువ్వన్నావు."

"సరే, నేను తెలివితక్కువవాణ్ణే. తెలివితక్కువ మాటే ఇంకొకటి విను. దీంతో కలిపి ఇలాంటివి ముప్పై ఒకటి బయటికి పోయాయి. ఇవాళ నువ్వు నోరు తెరిస్తే రేపు ముప్పై ఒక్క మంది నా గుమ్మం ముందుంటారు. దొంగ సరుకు అమ్మావంటారు. నన్ను పోలీసులకి పట్టిస్తారు. రాసింది నువ్వే కాబట్టి నిన్నూ పట్టిస్తారు."

"దొంగ సరుకు ఎలా అవుతుంది? చెక్క అదే, తీగ అదే, మోత అదే. నిన్నటిదాకా వెన్నలా ఉన్న నెక్ నా పేరు వింటే గరుకైపోతుందా, డాక్టరు గారూ?"

"అవుతుందమ్మా."

"ఏమన్నారు?"

"ఎందుకో చెప్పలేను. కానీ అవుతుంది."

"సంతోషం. ఇంతసేపటికి ఒక నిజం చెప్పారు."

"వదినా, ఆఖరిసారి అడుగుతున్నాను. సంతకం పెడతావా, పెట్టవా?"

"పెట్టను."

"అయితే నేను పెడతాను. 'భార్యగా' కొట్టేసి 'తమ్ముడిగా' అని రాసుకుంటే సరి. డాక్టరు గారూ, నడుస్తుందా?"

"రక్తసంబంధం కదా. ఇంకా మంచిదే."

"నీ సంతకంతో పని జరిగేదైతే నన్నెందుకు పిలిపించావు, చిన్నబ్బాయ్?"

"మర్యాద వదినా. ఇంటికి పెద్దదానివి, నిన్ను అడక్కుండా ఎలా చేస్తాను? ఇదిగోండి, పెట్టేశాను. స్టాంపు ముందు కౌంటర్లో ఉంది, తెస్తాను. మీరు కూర్చోండి."

"అమ్మా. ఆయన వచ్చేలోపు ఒక్క మాట."

"మళ్లీ వ్యాసమా?"

"కాదు. నా దగ్గర చివరి దశవి ఇంకో మూడు ఉన్నాయి."

"తెలుసు. ఫొటోలు వేశారు."

"రెండేళ్ల కిందట ఒకదాంట్లో జుమ్మని ఒకటే రొద పట్టుకుంది. మెకానిక్‌కి ఇస్తే నలుగురికీ తెలుస్తుందని నేనే విప్పాను. సన్న పనిముట్లు మా దగ్గర ఉంటాయి కదా."

"రేకు ఎత్తారు."

"ఎత్తాను. మీ పేరు, తేదీ. దాని కింద, 'దీన్ని చేసినది నేను' అని."

"అవును. అలాగే రాశాను."

"తర్వాత మిగతా రెండూ విప్పాను. రెండింట్లోనూ ఉంది."

"అంటే ఇందాక మీరు 'మాస్టారు చెయ్యలేదా ఇది' అని అడిగినప్పుడు మీకు తెలుసు."

"తెలుసు. తెలియనన్నాళ్లు నేనెవరి దగ్గరా కాగితం అడగలేదమ్మా. తెలిశాకే అడగడం మొదలుపెట్టాను."

"నెక్ గరుకైందన్నది వాటి సంగతేనా?"

"రెండు నెలలు వాయించలేకపోయాను. చెయ్యి పెడితే మీ చెయ్యి తగిలినట్టుండేది. మీరంటే గౌరవం లేక కాదు. నేను ఇరవై ఏళ్లు ఇంకొకర్ని నమ్ముకున్నాను. అందుకని మళ్లీ మొదట ఉన్నట్టు చేసుకున్నాను."

"ఎలా?"

"రబ్బరుతో."

"మూడింటిలోనూ?"

"చాలా నొక్కి రాశారమ్మా. చెరిపినా గాడి పోలేదు. దీపం పక్కకి పెట్టి చూస్తే ఇంకా తెలుస్తుంది."

"దీన్ని కూడా విప్పుతారు."

"సోల్డరింగ్ నేను చక్కగా పెడతాను. విప్పినట్టు ఎవరూ పట్టుకోలేరు."

"ఇదిగో స్టాంపు. ఏంటి, ఇద్దరూ మెల్లగా మాట్లాడుకుంటున్నారు, రాజీకొచ్చేశారా? చూశావా వదినా, డాక్టరు గారు మంచివారని నేను చెప్పలేదూ?"

"డాక్టరు గారూ, నెక్ పట్టుకుని ఎత్తకండి. రెండు చేతులూ ఒంటి కింద పెట్టి ఎత్తండి."

"అలాగేనమ్మా. వస్తాను."

డాక్టరువి నాలుగూ పోగా ఇరవై ఏడు గిటార్లు ఇంకా బయట ఉన్నాయి. అందులో ఒకటి మీ ఇంట్లో ఉంటే ఇవాళే వెనక ప్లేటు విప్పండి, రేకు ఎత్తండి, కింద ఉన్న పేరును పక్కగదిలోకి వినపడేలా చదవండి.