పెద్ద కార్డు ఆపేసిన శనివారం

శనివారం సాయంత్రం. నార్వే ఉత్తరాన ఒక దీవిలో ఉండే ముసలి జాలరి హాల్వార్డ్, ట్రోమ్సోలో ఉన్న కూతురు సున్నివాకి ఫోన్ చేశాడు. ఇద్దరికీ మాటల్లేక మూడేళ్ళయింది.

“పెట్టెయ్యకు, పెట్టెయ్యకు. ఒక్క నిమిషం. ఒంట్లో బానే ఉంది నాకు, అందుక్కాదు చేసింది.”

“మరెందుకు చేశారు?”

“చేశారా? ఎప్పట్నించే నేన్నీకు ‘మీరు’ అయిపోయింది?”

“ఎందుకు చేశారో చెప్పండి.”

“లాప్‌టాప్. నల్లగా అయిపోయింది. అంటే, లోపల ఆడుతున్నట్టే ఉంది, బొమ్మే రావట్లా. ఐదింటికి టువా వస్తుంది ఆటలోకి. ఐదు కావస్తోంది. నేను రాకపోతే...”

“రాకపోతే వచ్చే శనివారం ఆడుకుంటారు తాతా మనవరాలూ.”

“వచ్చే శనివారం కాదమ్మాయ్, ఇవాళే. ఇవాళ చెప్తానని మాటిచ్చా. పోయిన వారం అడిగింది నన్ను. ‘తాతా, పడవ అమ్మకి ఇవ్వకుండా ఎవడో ఊరుగానివాడికి ఎందుకమ్మేశావు’ అని. చెప్పకపోతే ఇంక నీతో ఆడను అంది. అనడమంటే రాసింది. మేం రాసుకుంటాంగా ఆటలో, దాని మైకు పాడైందిట.”

“అయితే ఇవాళే చెప్పాలా?”

“వారమంతా ధైర్యం కూడగట్టుకున్నా. మళ్ళీ వారానికి ఈ ధైర్యం ఉంటదో లేదో. ఆ పిల్ల కూడా రావడం మానేస్తే ఇంక నాతో మాట్లాడేదెవరే?”

“నాకు చెప్పాల్సింది పిల్లకి చెప్తారా?”

“నీకు చెప్పబోతే వినకుండా పెట్టె సర్దుకుని వెళ్ళిపోయావ్.”

“పదహారో ఏట్నించీ మీతో వలలు లాగాను నేను. ఆ పడవ నాకే వస్తుందని రేవంతా అనుకున్నారు. ఇంకేం వినాలి?”

“అది కాదు... అది కాదమ్మా...”

“సర్లెండి. అసలు లాప్‌టాప్‌ని ఏం చేశారు?”

“ఏం చెయ్యలా.”

“నాన్నా.”

“ఫ్యాను మోత. చెవులు హోరెత్తిపోతన్నయ్. కాఫీకి పోతే రేవులో మా ఇంగ్వాల్డ్ చెప్పాడు, లోపల బొమ్మ గీసేవి రెండుంటాయట. ఒకటి చిన్నది, ప్రాసెసర్‌లోనే కలిసుంటది, చప్పుడుండదు, కరెంటు తక్కువ తాగుద్ది. రెండోది పెద్ద గ్రాఫిక్స్ కార్డు, ఆ మోతంతా దాందే. పెద్దదాన్ని ఆపేసుకోవచ్చన్నాడు. పడవలో లేవూ, రేవులో తిరగడానికి చిన్నింజను, సముద్రం మీదికి పెద్దింజను? అలాగే అనుకుని పెద్దది కట్టేశా.”

“కట్టేస్తే చిన్నదాంతో నడవాలిగా. బొమ్మెందుకు పోతుంది?”

“లాప్‌టాప్‌కి తెర లేదుగా.”

“తెర లేకపోవడమేంటి?”

“పగిలింది. క్రిస్మస్ ముందు. దాని మీద కూర్చున్నా.”

“కూర్చున్నారా!”

“కుర్చీలో ఉంది, నాకేం తెలుసు? అప్పట్నించీ టీవీకి తీగ పెట్టి ఆడుతున్నా.”

“అయ్యో దేవుడా! ఆ తీగ పెట్టే కంత పెద్ద కార్డుకే కలిసుంటుంది నాన్నా ఆ మోడల్లో. పెద్దదాన్ని ఆపేస్తే టీవీకి బొమ్మ ఎక్కణ్ణించి వస్తుంది? చిన్నది పాపం గీస్తానే ఉంది, ఆ పగిలిన తెరమీద గీస్తోంది.”

“ఇవన్నీ నీకెట్లా తెలుసు?”

“టువా... టువాదీ అదేగా. రెండూ ఒకేసారి కొన్నారు మీరు.”

“కొన్నా. ఒకటి పోస్టులో పంపా. నువ్వు తిప్పి పంపేస్తావనుకున్నా.”

“తిప్పి పంపేద్దామనే అనుకున్నా.”

“అందుకే నీకు చేసింది. ఈ దీవి మొత్తానికి ఇది ఇంకెవరి దగ్గరా లేదు. పిల్లని పిలు, అది చెప్తుంది.”

“అది... అది ఆటలో ఉంది. వచ్చేసింది. మీకోసం చూస్తోంది. నేను చెప్తాలెండి.”

“నువ్వా?”

“నేనే. వద్దా?”

“వద్దన్లేదు.”

“ఉండండి. ఆ, టువా లాప్‌టాప్ ముందు పెట్టుకున్నా. చూసి చెప్తా, అలాగే నొక్కండి. మీటల పైన విడిగా ఒకటుంటుంది, తడిమితే దొరుకుతుంది. దాన్ని ఒక్కసారి నొక్కితే కార్డు మార్చే పేజీ తెరుచుకుంటుంది.”

“నొక్కా.”

“ఒక్కసారేనా?”

“వేళ్ళు లావు సున్నివా. ఒకటో, ఒకటిన్నరో.”

“రెండుసార్లు పడితే తెరుచుకుంది కాస్తా మూసుకుపోతుంది. సరే, ఒకసారే అనుకుందాం. ఇప్పుడు ట్యాబు, నాలుగు. తొందరపడకండి.”

“ఒకటి. రెండు. మూడు. నాలుగు.”

“కుడి బాణం రెండుసార్లు. ఎంటర్. ఆపి మళ్ళీ మొదలుపెట్టాలా అని అడుగుతుంది, ఇంకో ఎంటర్.”

“నొక్కా. నల్లగానే ఉంది.”

“ఫ్యాను తిరుగుతోందా? ఫోను దాని పక్కన పెట్టండి... నాకేం వినపడట్లా.”

“చప్పుడే లేదు. లైటు కూడా పోయింది. సున్నివా, చంపేశానా దాన్ని?”

“చావలేదు. ఎక్కడో పక్క మీట పడింది, ఆగిపోయిందంతే. మళ్ళీ ఆన్ చెయ్యండి.”

“గడియారం కొట్టేసింది విన్నావా? ఐదు. వెళ్ళిపోతుంది పిల్ల.”

“వెళ్ళదు.”

“నీకేం తెలుసు? ఆలస్యమైతే ఎంత కోపమో దానికి. నీ పోలికే.”

“వెళ్ళదన్నాగా! నొక్కు.”

“‘నొక్కు’ అన్నావ్.”

“ఏంటి?”

“‘నొక్కండి’ అనలా.”

“నాన్నా! ఇప్పుడదా నీకు!”

“నొక్కుతున్నా, నొక్కుతున్నా. లైటొచ్చింది. బొమ్మ లేదు. ఈసారి తప్పితే ఇంకేం చెయ్యను? ఆపేద్దాం. ఫోను పిల్లకియ్యి, కాస్త మంచి మాట చెప్పి రేపు రమ్మంటా.”

“ఫోనొద్దు.”

“ఎందుకొద్దు?”

“ఇవాళ చెప్తానన్నావుగా? ఇవాళే చెప్పు. పిల్లకి బదులు నాకే నోటితో చెప్తానంటే సరే, చెప్పు.”

“నోటితో రాదే. నోటితో వచ్చుంటే మూడేళ్ళ కిందటే నీకు చెప్పేవాణ్ణి. రాస్తే వస్తుంది. పిల్లతో అయితే నెమ్మదిగా ఒక్కో అక్షరం కొట్టుకుంటా కూర్చుంటా, అది మధ్యలో అడ్డం పడదు. నేను పూర్తి చేసేదాకా నించునే ఉంటుంది, పాపం.”

“మళ్ళీ చేద్దాం. ఇందాక నేను చెప్పిందే తప్పు. నాది పెద్ద కార్డు మీదుంది, నీది చిన్నదాని మీద. లెక్క కుదర్లేదు. ఈసారి ముందు ఎడమ బాణం నొక్కుతానే ఉండు, ఇంక జరగడానికి చోటు లేనంత. అప్పుడు అక్కణ్ణించి కుడికి లెక్కపెడదాం.”

“పడవని ముందు గట్టుకి ఆనించి, అక్కణ్ణించి తెడ్లు లెక్కపెట్టినట్టు.”

“ఆ, అదే. పై మీట. ఒక్కసారి. చిటికెనవేలితో నొక్కు.”

“చిటికెనవేలు.”

“ట్యాబు నాలుగు.”

“నాలుగు.”

“ఎడమ. గట్టుకి తగిలేదాకా.”

“తగిలింది.”

“కుడికి రెండు. ఎంటర్. ఊపిరి తీసుకో. ఇంకో ఎంటర్.”

“...”

“నాన్నా?”

“ఉష్. ఆగిపోయింది. లైటు పోయింది. మళ్ళీ అదే... ఉండు ఉండు. ఫ్యాను! వినపడుతోందా?”

“వినపడుతోంది! పెద్దదే! పెద్దదే నాన్నా అది!”

“ఈ మోత ఇంత తియ్యగా ఉంటదనుకోలేదే నేను. ఊదుతోంది చూడు, తుఫాన్లో ఇంజన్లాగ. టీవీ... టీవీ నల్ల... నీలం! నీలం వచ్చిందే సున్నివా!”

“ఆటలోకి పద. తొందరగా.”

“పోతున్నా. ఆట తెరుచుకుంటోంది... ఇదిగో వచ్చా. ఉంది! వెళ్ళలా! పడవ మీద నించుంది, ఎర్ర టోపీ పెట్టుకుని. మేం కట్టింది మన పడవే, చూశావా ఎప్పుడైనా? వల లాగే గిలక ఏ పక్కనుండేదో అక్కడే పెట్టింది పిల్ల. దానికప్పుడు ఆరేళ్ళు, ఎట్లా గుర్తుందో. నువ్వు చెప్పుంటావ్.”

“...ఆ.”

“వచ్చానని చెప్పు దానికి. ఇటు తిరగమను.”

“...”

“తిరిగింది! చూస్తోంది నన్నే.”

“చూస్తోందా?”

“చూస్తోంది... సున్నివా.”

“ఊఁ.”

“నువ్వు దానికి చెప్పలేదే. నీ గొంతు నాకు వినపళ్ళేదు. ఇంకోటి. టువా లాప్‌టాప్ ముందు పెట్టుకున్నా అన్నావ్. చూసి చెప్పావ్. మీ ఇంట్లో ఉన్నది ఒకటేగా? అది నీ దగ్గరుంటే పిల్ల దేనిమీద ఆడుతోంది? ఫోను పిల్లకియ్యి.”

“టువా ఇంట్లో లేదు నాన్నా. హ్యాండ్‌బాల్‌కి పోయింది. చలి మొదలైనప్పట్నించీ శనివారాలు అది అక్కడే.”

“మరి... ఈ పడవ... పోయిన వారం అడిగింది...”

“నేనే. రాయి నాన్నా, నెమ్మదిగా రాయి. నేను అడ్డం పడను. పడవ నాకెందుకివ్వలేదు?”