ఆకురాయి జారిన కొక్కెం

మోటారు బాగుచేయడానికి, తాడు కట్టిన చెక్కపెట్టెలో కూర్చుని మొగుడు బావిలోకి దిగాడు. పని అయిపోయింది. గట్టు మీద పెళ్లాం తాడు పట్టుకుని నిలబడింది గాని లాగడం లేదు.

"లాగవేమే? కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి."

"ఆగు బావా."

"ఏంటి ఆగేది? ఇందాక జానెడు లేపి మళ్లీ దింపేశావ్. చేతులు నొప్పా, నా మీద కోపమా?"

"కోపమూ లేదు, గీపమూ లేదు. కదలకు."

"పాప లేచిందా?"

"లేదు, పడుకోబెట్టే వచ్చా. బావా, ఈ గిలక తగిలించిన కొక్కెం కొత్తదా?"

"కొత్తదే. పాత లారీ కమాను పట్టీ కోసి నేనే చేశా. మీ నాన్న ఒక్కడికే వచ్చా కమ్మరం?"

"ఎలా చేశావ్?"

"మొగుణ్ణి బావిలో పెట్టి పరీక్షలా?"

"చెప్పు బావా, నీకు దండం పెడతా!"

"ఎర్రగా కాల్చా, వంచా, నీళ్లలో ముంచా. చుయ్‌మంది. ఆకురాయి పెట్టి రుద్దితే గీత కూడా పడలేదు, జారిపోయింది. అంత గట్టిది!"

"ముంచాక మళ్లీ సెగ చూపించావా?"

"గట్టిపడ్డదాన్ని మళ్లీ కాల్చడం దేనికి? మెత్తబడడానికా?"

"కాస్త మెత్తబడడానికే! ముంచి వదిలేస్తే అది గాజుముక్క. సన్నసెగ మీద నీలంరంగు తిరిగేదాకా పెడితేనే పెళుసు పోతుంది. ఇందాక లాగితే టిక్కుమంది బావా. వంపు దగ్గర వెంట్రుకంత పగులు."

"నా... నా నెత్తి మీదేనా?"

"సరిగ్గా నీ నెత్తి మీదే. పెట్టెలోంచి దిగి, పక్కన గోడలో ఉన్న మోటారు గూట్లోకి దూరు. తాడు కుదపకు."

"పెట్టె ఊగుతోందే."

"ఊగితే ఊగనీ. గోడ పట్టుకో. దూరావా?"

"దూరా."

"మోకాళ్లు కూడా లోపలికి!"

"దూరానే తల్లీ!"

"ఖాళీ పెట్టెని ఒక్కసారి గుంజి చూస్తా."

"వద్దే, వద్దు..."

"అమ్మో!"

"ఏమే! గిలకొచ్చి పెట్టె మీద పడిందే! పెట్టె ముక్కలైపోయింది! ఏమే, పలకవేం?"

"ఉన్నా బావా, ఉన్నా. బతికిపోయావ్. నిచ్చెన తెప్పిస్తా, అక్కడే ఉండు. నీ కమ్మరం తగలెయ్య!"

"నవ్వకే."

"నవ్వట్లేదు, ఏడుస్తున్నా."

"ఏమే..."

"మళ్లీ ఏంటి?"

"ఆ పట్టీతో రెండు కొక్కేలు చేశా."

"రెండోదీ ముంచావా?"

"రెండూ ఒక్కసారే ముంచా. ఇది చెప్పు ముందు. పాపని ఎక్కడ పడుకోబెట్టావ్?"

"ఎక్కడేంటి? పొద్దున నువ్వు దూలానికి తగిలించావే, ఆ కొత్త ఉయ్యాల్లోనే..."