ఒంట్లో లేని మనిషికి పన్నునొప్పి

"నేనేదో గొప్ప చెప్పుకోవాలని కాదు గానీ చెల్లెమ్మా, ఈ పుస్తకం మొదలెట్టాక నాకు దోమ కుట్టినా తెలియట్లేదు," అన్నాడు పక్క కుర్చీలో పెద్దమనిషి.

పళ్ళ డాక్టరు గది బయట కూర్చున్నాం. ఆయన ఎడమ దవడ బంతిలా ఉబ్బిపోయి, మాట కుడివైపు నుంచే వస్తోంది. ఒళ్ళో యోగశాస్త్రం. పైన శ్లోకం, దాని కింద వ్యాఖ్యానం, ఆ వ్యాఖ్యానానికి మళ్ళీ ఇంకో వ్యాఖ్యానం. నేనూ ఒకప్పుడు అలాంటి పుస్తకమే మొదలెట్టి వదిలేశాను. బట్టలు కుట్టేదాన్ని, పొద్దస్తమానం మనుషుల ఒంటి కొలతలు తీసుకునేదాన్ని. 'ఈ ఒళ్ళు నువ్వు కాదు' అని రాసినచోట ఆగిపోయాను. మరి నేనెవర్ని అన్న సందేహం అప్పట్నుంచీ తొలుస్తూనే ఉంది. అందుకే చెవులు రిక్కించాను.

ఇంతలో నర్సు తలుపు తీసి, "దవడ వాపు ఆయన రండి," అంది.

"ముందు ఆ కాలేజీ అమ్మాయిని పంపండి, పాపం," అన్నాడు ఆయన.

"మొన్న కూడా ఇలాగే అందర్నీ పంపించి మీరు వెళ్ళిపోయారు. ఇవాళ పన్ను తియ్యకపోతే చీము ఎముకలోకి దిగుతుందని డాక్టరుగారు చెప్పమన్నారు," అని గొణుక్కుంటూ నర్సు ఆ అమ్మాయిని తీసుకెళ్ళింది.

"దోమ సంగతి చెబుతున్నాను కదూ. ఇంద్రియాల్ని లోపలికి లాక్కోమని రాశారు ఇందులో. ఇంటి కిటికీలు మూసుకున్నట్టన్నమాట. ముందు చెవులు మూశాను. చేతుల్తో కాదు, లోపల్నుంచి. మా ఆవిడ పిలుస్తూనే ఉంది, నాకు వినపడితేనా!"

"దానికి యోగమెందుకు సార్, పెళ్ళయితే చాలదూ?" అన్నాడు ఎదురుగా బుగ్గ పట్టుకుని కూర్చున్న బస్సు డ్రైవరు.

"నవ్వవయ్యా, నవ్వు. చెవుల తర్వాత కళ్ళు, ముక్కు, నాలుక. ఉప్పు లేని కూర మెచ్చుకుంటూ తినేశాను. ఆఖరికి చర్మం. అది మూయడం మాటలనుకున్నారా? రోడ్డు మీద పోతుంటే స్కూటరొకటి నా కాలి మీంచి వెళ్ళింది. జనం గోలెత్తిపోతుంటే, 'ఎవరి కాలండీ?' అని నేనే అడిగాను."

"మరి నడుస్తున్నదెవరు అన్నయ్యగారూ?" అన్నాను.

"అక్కడికే వస్తున్నా, ఆగు. అప్పుడు లేచింది ఈ పన్నునొప్పి. పొద్దున్నే వచ్చి తలుపు కొట్టింది. లోపల నేనుంటే కదా తియ్యడానికి! కొట్టీ కొట్టీ, ఎంతసేపని నిలబడుతుంది, పక్కింటాయన దవడలోకి పోయింది. ఆయన ఏ పుస్తకమూ ముట్టడు. వాకిట్లో కూర్చుని లబోదిబోమంటున్నాడు. గోడ మీంచి పలకరించి, 'కంగారుపడకండి, అది మీ నొప్పి కాదు, నాది' అని ధైర్యం చెప్పాను."

తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి ఆయన మూలనున్న ముసలాయన్ని పంపించాడు. లోపల మిషను గిర్రుమంటుంటే పుస్తకాన్ని రెండు చేతుల్తో బిగించి పట్టుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను పూర్తిగా ఒంట్లోంచి బయటికొచ్చేశాను! ఫ్యాను రెక్క మీద కూర్చుని కిందికి చూస్తే మంచం మీద నా ఒళ్ళు గురక పెడుతోంది. నా బట్టతల అంత పెద్దదని అప్పుడే తెలిసింది."

"ఫ్యాను తిరగట్లేదా గురువుగారూ?" అన్నాడు డ్రైవరు.

"తిరుగుతోంది. అయితే? ఆత్మకి కళ్ళు తిరుగుతాయా ఏమన్నా? సరే, లోకమంతా ఓ చుట్టు చుట్టి వచ్చి చూస్తే మంచం ఖాళీ! వెతగ్గా వెతగ్గా ఎక్కడుందనుకున్నారు? మా ఆఫీసులో. అలవాటు కొద్దీ తనే లేచి, గడ్డం గీసుకుని, బస్సెక్కి పోయింది. పోయి ఊరుకుందా, నేను ఏడాదిగా పక్కన పడేసిన పనంతా సాయంత్రానికి తేల్చేసింది. మా ఆఫీసరు దాని భుజం తట్టి, 'ఇన్నాళ్ళకి మనిషివయ్యావయ్యా' అన్నాడు. ఇంటికెళ్ళి కూరలు తరిగిపెట్టింది. అడిగినదానికల్లా తిన్నగా జవాబు చెప్పింది. మా ఆవిడ మురిసిపోయి, 'జీవితాంతం ఇలాగే ఉండండి' అంది. పైనుంచి వింటున్నాను కదా, ఎంత కడుపు మండిందో!"

"కడుపు కిందే ఉండిపోయింది కదా అన్నయ్యగారూ?" అన్నాను. ఎగతాళికి కాదు, నాకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

ఆయన గబగబా పేజీలు తిప్పి, చిన్న వ్యాఖ్యానమూ పెద్ద వ్యాఖ్యానమూ చూసి, పుస్తకం మూసేశాడు. "అది పై తరగతి పాఠంలే. అసలు సంగతి విను. లోపలికి దూరదామని వెళ్తే నా ఒళ్ళు నన్ను రానివ్వదే! 'నువ్వు లేకపోతేనే హాయిగా ఉంది' అంది. బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నాను, అవీ నా కాళ్ళే. ఆఖరికి రాజీ కుదిరింది. దాని పని దానిది, నా పని నాది. ఆకలైతే అది తింటుంది, నొప్పేస్తే అది పడుతుంది. నేను ఊరికే సాక్షిగా చూస్తుంటాను."

ముసలాయన బయటికొచ్చాడు. నర్సు ఈసారి తలుపు వదల్లేదు. "దవడ వాపు ఆయనా, ఇక మీరే."

"ఈ డ్రైవరుగారు డ్యూటీకి వెళ్ళాలేమో, ముందు ఆయన్ని..."

"నాకివాళ సెలవు సార్," అన్నాడు డ్రైవరు.

పెద్దమనిషి నా వైపు చూశాడు. నేను ఆయన ఒళ్ళోంచి పుస్తకం తీసుకున్నాను.

"మీరెందుకు లేవడం అన్నయ్యగారూ? కథ మధ్యలో ఉంది, మీరిక్కడే కూర్చుని చెప్పండి. ఒంటిని లోపలికి పంపండి. చెప్పిన పని చక్కబెట్టుకు రావడం దానికి అలవాటే కదా."

డ్రైవరు బుగ్గ నొక్కుకుని మరీ నవ్వాడు. నర్సు కూడా నవ్వింది. పెద్దమనిషి నవ్వలేదు. లేచి, రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆయన మెడ మీద చెమట చూసి నాకు జాలేసింది, అనకుండా ఉండాల్సింది అనుకున్నాను.

"చెల్లెమ్మా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "వెళ్తాననే అంటోంది గానీ, దానికి భయంగా ఉందట."

"మరి మీకో?"

"దానికంటే నాకే ఎక్కువ."

పుస్తకం కుర్చీలో పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్ళాను.