గద్ద దిగాక తలుపు తీయకూడదు

"కదలకు. గద్ద దిగింది."

"చూశానండీ."

"చూస్తే ఎలా, ఫొటో తియ్యి. సరిగ్గా నీ కిటికీకి ఎదురుగా కూర్చుంది."

"తీస్తున్నానండీ, డాన్ ఇందలేసియో."

"పొద్దుటినుంచీ చూస్తున్నాను, పరాయి పెద్దమనిషిని పిలిచినట్టు ఏమిటా డాన్? మూడేళ్లు మామగారూ మామగారూ అని నోరారా పిలిచావు."

స్పెయిన్‌లోని తబెర్నాస్ ఎడారిలో ఎండిన వాగు ఒడ్డున, చాటునుంచి పక్షుల ఫొటోలు తీసేందుకు కట్టిన, మనిషిన్నర పట్టే చెక్కగదిలో ఇద్దరు ఇరుక్కుని కూర్చున్నారు. హినెస్ పక్కనున్నది అతని ప్రియురాలు ఆరాసెలీ తండ్రి. ప్రియురాలనడం కూడా ఇప్పుడు అబద్ధమే, ఇద్దరూ విడిపోయి నాలుగు నెలలు గడిచిపోయాయి. ఆ సంగతి ముసలాయన మనసు విరిగిపోకుండా చెప్పి, ఈ ఆదివారాల చెర నుంచి ఇవాళ ఎలాగైనా బయటపడాలని అతను ఒట్టు పెట్టుకుని వచ్చాడు. ఇంకా నోరు పెగల్లేదు.

"గొంతు బాగోలేదండీ."

"గొంతుకీ మామగారికీ ఏం సంబంధం?"

"అది కాదండీ. మీతో ఒక మాట..."

"ష్. తినడం మొదలెట్టింది. ఇప్పుడు మాటలొద్దు."

"బ్లాస్ ఎప్పుడొస్తాడండీ?"

"కొత్తగా అడుగుతావేం? పొద్దు వాలాక జీపు తెస్తాడు. అందాకా మనం ఇక్కడే. గద్ద దిగాక తలుపు తీశామంటే ఇక అది ఈ మేతకి రాదు. ఈ గదీ మేతా బ్లాస్‌వి, మనల్ని కోసి దానికి మేతగా వేస్తాడు."

"అంటే, అత్యవసరమైనా..."

"అత్యవసరానికి ఆ మూల డబ్బా ఉంది."

"ఆ అత్యవసరం కాదులెండి."

"అయితే ఆమ్లెట్ తిను. ఉల్లిపాయ వేసి చేశాను. నాకు సయించదు గానీ, ఉల్లిపాయ లేకపోతే నీకు ముద్ద దిగదట కదా."

"ఎవరు చెప్పారండీ?"

"ఇంకెవరు చెప్తారు?"

"ఆరాసెలీ ఎలా ఉందండీ?"

"నన్నడుగుతావేం?"

"అంటే... ఇవాళ. పొద్దున ఎలా ఉందీ అని."

"బాగానే ఉంది. ఇంకో ముక్క తీసుకో."

"మీరు ఒక్క ఫొటో కూడా తీయలేదు."

"నా కిటికీకి రాయి అడ్డం."

"చోటు మార్చుకుందామండీ."

"వద్దు వద్దు. మంచి కిటికీ నీదే. నువ్వు తీస్తే నేను తీసినట్టే."

"మీ నడుం ఎలా ఉంది?"

"నడుం ఊసెత్తకు. అది పడుకుంది, లేపకు. గద్ద రెక్క విప్పుతోంది చూడు, తియ్యి."

"తీశానండీ."

"వచ్చే ఆదివారం ఎర్రగుట్టల వైపు పోదాం. అక్కడ ఒక నక్క మకాం పెట్టిందట, బ్లాస్ చెప్పాడు."

"వచ్చే ఆదివారం నేను రాలేనండీ."

"శనివారం పోదాం."

"శనివారం కూడా రాలేను."

"పోనీ, పై ఆదివారం. నక్క ఎక్కడికీ పోదు."

"ఇంకెప్పుడూ రాలేనండీ."

"ఈ ఫ్లాస్కు మూత బిగుసుకుపోయింది, కాస్త పట్టు."

"డాన్ ఇందలేసియో, విన్నారా?"

"గద్ద ఉందా, ఎగిరిపోయిందా?"

"ఉంది."

"అయితే మెల్లిగా చెప్పు."

"నేనూ ఆరాసెలీ విడిపోయామండీ. వేసవిలోనే. తనే చెప్తానంది, తర్వాత నువ్వే చెప్పుకో అంది. ప్రతి ఆదివారం ఇవాళ చెప్పేద్దామనే బయల్దేరతాను. మీరు ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటారు. ఇక నా నోట మాట రాదు. నన్ను క్షమించండి."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"విడిపోయారని. ఆ రోజే చెప్పింది. వంటింట్లో నిలబడి ఏడ్చి మరీ చెప్పింది."

"ఆ రోజే తెలుసా? మరి ప్రతి వారం ఫోన్ చేసి నన్ను రమ్మంటూనే ఉన్నారు కదండీ."

"రమ్మన్నాను."

"ఎందుకండీ?"

"కాఫీ చల్లారిపోతోంది, తాగు."

"కాఫీ సంగతి తర్వాత. నాలుగు నెలలు, డాన్ ఇందలేసియో. మీరు తెలిసి కూర్చున్నారు, నేను చెప్పలేక చచ్చాను. ఎందుకండీ?"

"నీ మాట ముందు పూర్తి చెయ్యి. ఇంకా ఏదో ఉంది నీ కడుపులో."

"కోప్పడకూడదు మరి."

"గద్ద ముందు ఎవరు కోప్పడతారు?"

"నాకు ఈ పక్షులంటే ఇష్టం లేదండీ. ఎప్పుడూ లేదు. ఆదివారం మధ్యాహ్నం దాకా ముసుగు తన్ని పడుకోవడం నాకిష్టం. అమ్మ పోయాక మా నాన్న ఒంటరైపోయాడు, ఎడారి ఫొటోల్లో పడ్డాడు, తోడు వెళ్లవా అంది ఆరాసెలీ. మీకోసం కెమెరా కొన్నాను. ఈ చలీ, ఎండా, ఈ డబ్బా అన్నీ మీకోసమే భరించాను. ఆ అమ్మాయి దూరమయ్యాక కూడా మానలేకపోయాను, మీరు ఒక్కరే అయిపోతారని."

"నాకోసమా?"

"మీకోసమేనండీ."

"నేను ఎడారి ఫొటోల్లో పడ్డానని చెప్పిందా?"

"అవును."

"ఓరి నాయనా. నవ్వించకు, గద్ద బెదురుతుంది."

"నవ్వు ఎందుకండీ?"

"నా కెమెరా ఆరాసెలీయే కొనిచ్చింది. హినెస్‌కి పక్షుల పిచ్చి నాన్నా, ఒక్కడే ఎడారిలో పడి తిరుగుతాడు, ఏ పామో కరుస్తుంది, తోడు వెళ్లు అంది. లెన్సు మూత ఎటు తిప్పాలో కూడా నాకు ఇప్పటికీ తెలీదు. గద్దని చూస్తే అది ఎత్తుకుపోయిన మా అమ్మ కోడిపిల్లలే గుర్తొస్తాయి నాకు."

"మరి వేసవిలోనే ఆపేయాల్సింది కదండీ. ఇక తోడు అక్కర్లేదు కదా."

"ఆపేద్దామనే ఫోన్ తీశాను. నీ గొంతు దిగాలుగా వినిపించింది. పిల్ల ఎలాగూ పోయింది, ఈ కుర్రాడికి పక్షులైనా మిగలనీ అనుకున్నాను."