నా బొమ్మ కింది చీటీ

చాయ్ వద్దు వీరేశ్ సార్, కుర్సీ గూడ వద్దు. ముందుగాల ఆ చీటీ తియ్యుండ్రి.

ఏ చీటీనా? ఆ గోడకు నా బొమ్మ ఉందిగద, దాని కింద కన్నడంల అతికించిండ్రు, "ఒంటి హెంగసు" అని. ఒంటరి ఆడదట! నాకు పేరు లేదా? హేబ్సిబా. బి.ఏ. పాసైన. నౌబాద్‌ల పాపడ్ల యూనిట్‌కు సూపర్‌వైజర్‌ను. రాయనీకి ఇంత ఉండంగ, మీకు గదే దొరికిందా?

ఊరోళ్ల బొమ్మలు ఊరోళ్లకే చూపిస్తమని యూనివర్సిటీ గ్యాలరీ తెరిచిండ్రు, మంచిదే. టికెట్ లేదు, ఇంకా మంచిది. కని ఊరోళ్లంటే ఎవరు సార్? నన్ను ఎరిగినోళ్లే గద! మా యూనిట్ సిద్ధమ్మ నిన్న వచ్చి చూసిపోయింది. ఇయ్యాల పొద్దుగాల్నుంచి నాతోని మెల్లగ మాట్లాడుతాంది, జరమొచ్చినోళ్లతోని మాట్లాడినట్టు. తన డబ్బాల తెచ్చుకున్న బెల్లం పోలె సగం తుంచి నా చేతిల పెట్టింది. గా సిద్ధమ్మనే, లేట్ ఎందుకైందని అడిగితే మొఖం ముడుసుకునేటిది!

ఇస్కూలు పిల్లలే నయం. ఇప్పుడే ఒక పిల్ల దాన్ని "ఒంటె" అని చదివింది. "టీచర్, ఒంటె ఏది?" అని బొమ్మంత దేవులాడుతాంది, నేను పక్కనే నిలబడ్డ. నవ్వకుండ్రి. ఒంటె అనే రాసి ఉంటే నేను పని ఇడిసిపెట్టి స్కూటర్ ఏసుకొని రాకపోదును.

ఒంటరి అంటే ఏంది సార్? పెండ్లి చేసుకోలే, నిజమే. అయితే? పొద్దంత నలభై మంది ఆడోళ్ల నడుమ ఉంట. చర్చిల పాట ఎత్తుకునేది నేనే. పక్కింటి తాయవ్వ రోజూ నా తలుపు కొడ్తది.

ఎందుకా? నీళ్ల మోటర్ బంద్ చెయ్యమని. ఎందుకైతేంది, కొడ్తదా లేదా?

ఏమంటున్నరు? ఆ పేరు మీరు పెట్టలేదా? బొమ్మ గీసిన భాగ్యజ్యోతే పెట్టిందా?

గా పిల్లనా...

శనివారం శనివారం ధన్నూర నుంచి బస్సుల వచ్చేది. బొమ్మల క్లాసుకు ఒక మనిషిని చూసి గియ్యాలె అక్కా, మీరు కూసుంటరా అన్నది. కిటికీ కాడ కూసోబెట్టి గీసేది. గీసుకుంట ఒక్కటే ముచ్చట. బర్రె ఈనిందని, వాళ్లన్నకు పిల్ల దొరుకుతలేదని. నన్ను గూడ అడిగేది, చిన్నప్పుడు ఎట్లుంటుంటివి అక్కా అని. కదిలితే బొమ్మ పాడైతదని నోరు మూసుకొని కూసున్న. ఒక్క మాట చెప్పలే సార్. మరి ఆమెకెట్ల తెల్సె?

తెల్వకేమైతది.

బొమ్మ నాలుగు వారాలల్లనే అయిపోయింది. ముక్కు వంకరొచ్చిందని నేనే అన్న. పాపం, మళ్ల వచ్చి దిద్దింది. చెవి నాది కాదన్న. చెవి దిద్దింది. చీర రంగు గిది కాదన్న. పదకొండు శనివారాలు తిప్పుకున్న ఆ పిల్లను. ముక్కు మొదటి దినమే మంచిగ కుదిరింది సార్.

ఇప్పుడే ఫోన్ చేస్తరా? చెయ్యుండ్రి. ఏం పేరు పెట్టుకుంటదో ఆమె ఇష్టం, నాకేం. కని మీరు ముట్టకుండ్రి, ఆమెనే వచ్చి మార్చాలె. శనివారం రమ్మనుండ్రి.

నేను రమ్మన్నట్టు మాత్రం చెప్పకుండ్రి.