మందకు తొవ్వ చెప్పిన బీరన్న

బీరన్న అని ఒక కురుమాయన ఉండెనంట. కొత్తగ పెండ్లయింది, మనిషి మంచోడే, నోరే ఆగదు. వాళ్ళ ఊళ్ళె ఎండలు ముదరంగనే అందరి గొర్లు ఒక్క మందై ఏటికి వలస పోతయ్. మంద ముందల నడిచేటోడు మందపెద్ద. ఆయనను ఎట్ల ఎన్నుకుంటరంటే, నిలబడ్డ ఇద్దరు చెరొక గొంగడి పరుస్తరు. ఇంటికొక కర్ర, ఎవరు కావాల్నంటే వాళ్ళ గొంగడి మీద పెడతరు. ఎన్నో ఏండ్ల సంది ఐలయ్యనే పెద్ద. ముసలోడు, మందను ఆలస్యంగ లేపుతడు, మెల్లగ పోతడు, ఏరు చేరేలోపల గొర్రెపిల్లలు దూపకు చస్తయ్. ఒక ఏడు బీరన్నవే తొమ్మిది పోయినయ్. ఇట్లనే సాగితె వానికి మందనే మిగలదనుకో.

ఇగ బీరన్న గొంగడి పరిచిండు. పరిచి ఏం జేసిండు? తిట్టిండు. ఐలయ్యకు కండ్లు కనపడయ్, కాళ్ళు లెవ్వయ్, గొర్రెపిల్లలను చంపింది గీయననే అని పొద్దుమూకేదాక తిట్టిండు. జనం కడుపుబ్బ నవ్విండ్రు. "నిజమే రా బీరన్నా, నిజమే" అన్నరు. అని, లేచిపోయి కర్రలు ఐలయ్య గొంగడి మీదనే పెట్టిండ్రు. చూస్తిరా! మరుసటేడు ఇంకా గట్టిగ తిట్టిండు. అప్పుడూ అంతే. వాని గొంగడి మీద రెండే కర్రలు, ఒకటి వానిది, ఒకటి వాని బామ్మర్దిది.

ఇంటికొచ్చి మూతి ముడుచుకుని కూసుంటే, పెండ్లాం లింగవ్వ జొన్నరొట్టె పెట్టుకుంట అడిగిందంట, "ఏందయ్యా, నువ్వే పెద్దవైతె మందను యాడికి తోల్తవ్?" అని. "ఐలయ్య పోయే తొవ్వల మాత్రం తోల్ను." "అది వద్దనే తొవ్వ. పోయే తొవ్వ ఏది మరి?" బీరన్న ఇంకో రొట్టె ముక్క తుంచుకున్నడు. "నీ మొకం చూసి నేనంటె వస్త, గొర్లు వస్తయా?" అని నవ్విందంట ఆమె. ఆ నవ్వు చూస్తే తొలకరి పడ్డట్టే ఉంటదంట, వాడు అలగలేకపాయె.

ఇగ ఆ ఏడు వలసకు లింగవ్వ గొర్లను తోలుకుని మంద వెంట పోయింది, బీరన్న సద్ది మూట కట్టుకుని ఇంకో దిక్కు పోయిండు. ఆ నడి ఎండల్లనే యాడ నీళ్ళు నిలుస్తయ్, యాడ తుమ్మకాయ రాలుతది, ఏ రైతు చేన్ల మందను ఆపుకుంటడు, అన్నీ చూసి, మాట తీసుకుని వచ్చిండు. మూడో ఏడు గొంగడి పరిచి ఐలయ్య పేరే ఎత్తలే. "శివరాత్రి దాటిన మూడో రోజు లేస్తం. మొదటి దినం నల్లవాగు ఇసుకల తోడిన చెలిమె కాడ నీళ్ళు. రెండో దినం కాపుల చేన్లు, ఎరువు వాళ్ళకు, గింజలు మనకు. ఏడో దినం ఏటి ఒడ్డు" అన్నడు. "చెలిమె ఎండితె?" అని ఒకామె. "పక్కన మోటబాయి ఉన్నదక్కా, ఆ రైతును అడిగొచ్చిన." "తోడేళ్ళొస్తె?" "అది నాకూ తెల్వలే, మీరే చెప్పుండ్రి" అన్నడు. "నా కుక్కలు రెండు తోలుకపో రా" అని ఎనకనుంచి ఒకడు. అంతే, కర్రలు టకటక పడ్డయ్. ఆఖరుకు ఏమైందంటే, ఐలయ్యే లేచొచ్చి తన కర్ర గూడ బీరన్న గొంగడి మీదనే పెట్టి, "ఈ మాట మొదటేడే చెప్తె నాకు తిట్లు తప్పేటివి గద రా కొడుకా" అన్నడంట. ఆ ఏడు పిల్లలన్నీ ఏటి నీళ్ళు తాగినయ్.

మొన్న మనూరికి ఓట్లకొచ్చినాయన మైకుల గంటసేపు అవతలోణ్ణే తిట్టె. పోతపోత నాకు దండం పెట్టిండు. నేను గూడ పెట్టిన. దండానికి దండం, అయిపాయె.