పెళ్ళికూతురెవరమ్మా?

అమలాపురం నుంచి మురమళ్ళ వెళ్ళే బస్సులో, ఒడిలో పూలదండల సంచి పెట్టుకున్న ఓ అమ్మాయి పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది.

“వీరేశ్వరస్వామి కల్యాణానికేనా అమ్మా? పెళ్ళి కుదరాలని మొక్కుకున్నావా?”

“ఆయ్. నాకు కాదండీ, మా అమ్మకి.”

“మీ అమ్మకా! మరి మీ నాన్నగారు?”

“పోయి పదకొండేళ్ళయిందండి. నేను మస్కట్‌లో పని చేస్తాను. ఇక్కడ అమ్మ ఒక్కత్తే ఉంటుంది.”

“సంబంధం ఎవరు చూసేరు?”

“అమ్మే చూసుకుందనుకోండి. రోజూ ఫోన్లో ఏం వండేవని అడిగితే ‘ఏదో ఒకటిలే’ అనేది. ఈమధ్య ‘మాస్టారికి పనసపొట్టు కూర ఇష్టమంటే చేసేనే’ అంటోంది. ఆ మాస్టారెవరమ్మా అని నేనే అడిగేను.”

“నవ్వేసిందా?”

“ఏడ్చిందండి. నీకు తలవంపులు తెస్తున్నానే అంది. అందుకే సెలవు పెట్టుకుని వచ్చేను.”

“ఊళ్ళోవాళ్ళు ఏమంటారోనని భయం లేదూ?”

“అమ్మకి డెంగ్యూ వస్తే ఊళ్ళోవాళ్ళెవరూ రాలేదండి. ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్ళేరు.”

సంచిలోంచి జారుతున్న పూలదండని పెద్దావిడ లోపలికి సర్దింది.

“మా ఆయన పోయి తొమ్మిదేళ్ళమ్మా. మందులేసుకున్నావా అని పిల్లలు రోజూ అడుగుతారు. ఈరోజు ఎవరితో మాట్లాడేవని ఎప్పుడూ అడగలేదు. మీ అమ్మ ఎక్కడుంది?”

“గుడి దగ్గర ఎదురుచూస్తోందండి. మాస్టారు కూడా వచ్చేరు. ఇంతకీ మీరెక్కడ దిగాలండీ?”

“ముమ్మిడివరంలో. అది దాటి చాలాసేపయిందిలే. మీ అమ్మని ఓసారి చూసి వెళ్తాను. పట్టుచీరే కట్టుకుందా?”